తెలుగు మీడియం నుంచి సీయూఈటీ: జీకే, ఇంగ్లిష్ ప్యాసేజ్‌లు నాకు ఎలా దారికొచ్చాయంటే

మీరు అడిగింది ఇదీ: పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు ఇంటర్ సెకండియర్ సీఈసీ, సీయూఈటీకి (సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్ల కోసం రాసే ఉమ్మడి ప్రవేశ పరీక్ష) ఇంకో మూడు నెలలే ఉంది. అందులోని జనరల్ టెస్ట్ పేపర్‌కు ఏ జీకే పుస్తకం కొనాలి, ఇంగ్లిష్ ప్యాసేజ్ చూస్తే భయమేస్తోంది, ఏం చేయాలి?

నాదీ ఇదే దారి. ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలు, తర్వాత సీఈసీ. 2024లో మొదటిసారి రాశాను, కోరుకున్న సీటు రాలేదు. 2025లో మళ్లీ రాశాను. ఇప్పుడు ఢిల్లీలో బీఏ చదువుతున్నాను. పుస్తకం సంగతి తర్వాత చెప్తాను. ముందు చెప్పాల్సింది వేరే ఉంది: జీకే ఒకటి, ఇంగ్లిష్ ఇంకొకటి అనుకుని నేను విడివిడిగా చదివాను. మొదటి ఏడాది దెబ్బతిన్నది అక్కడే.

ఆ ఏడాది పొద్దున జీకే బిట్లు, సాయంత్రం ఇంగ్లిష్ గ్రామర్. నెలనెలా వచ్చే కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు ప్రింట్ తీయించి, ఎర్ర పెన్నుతో గీతలు పెట్టి బట్టీ పట్టాను. పరీక్ష హాల్లో జతపరచండి ప్రశ్న వచ్చేసరికి నాలుగు పేర్లూ ఎక్కడో చదివినవే, ఏది దేనికి చెందుతుందో మాత్రం తేలలేదు. ప్యాసేజ్‌లు ఇంకా కష్టమయ్యాయి. ప్రతి పదానికీ విడిగా అర్థం తెలుస్తోంది, వాక్యం మాత్రం అర్థం కావడం లేదు.

రెండో ఏడాది ఒకే ఒక్క మార్పు చేశాను. రోజూ ఒక వార్తను ముందు తెలుగు దినపత్రికలో చదివి, అదే వార్తను వెంటనే ఇంగ్లిష్ పత్రికలో చదివేవాణ్ణి. విషయం ముందే తెలుసు కాబట్టి ఇంగ్లిష్ వాక్యం బెదిరించేది కాదు. రాజ్యాంగ సవరణ అంటే కాన్‌స్టిట్యూషనల్ అమెండ్‌మెంట్ అనీ, ఆర్డినెన్స్‌కు బిల్లుకు తేడా ఏమిటనీ డిక్షనరీ తెరవకుండానే తెలిసిపోయేది. ఒక్క వార్త, ముప్పావుగంట. అంతే. దాంతో జీకే కూడా వాక్యంతో పాటు గుర్తుండిపోయేది, విడి బిట్టుగా కాదు.

తెలుగువాళ్లకు ఇంగ్లిష్ వాక్యం ఎక్కడ అడ్డం తిరుగుతుందో చెప్తాను, ఎందుకంటే ఇది నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది. వివరణ అంతా ముందు వస్తుంది: ‘నిన్న మా ఇంటికి వచ్చిన అబ్బాయి’. ఇంగ్లిష్‌లో అబ్బాయి ముందు, వచ్చిన సంగతి వెనక: ‘ది బాయ్ హూ కేమ్’. రెండు లైన్ల వాక్యం ఇలా తోక పెంచుకుంటూ పోతే మనం చివరి దాకా వెళ్లి, అసలు ఎవరు ఏం చేశారన్నది మర్చిపోతాం. అందుకని నేను పెన్సిల్‌తో మొదట అసలు క్రియ కింద గీత గీసేవాణ్ణి, తర్వాత ఆ పని చేసింది ఎవరో చుట్టూ గుండ్రంగా. ‘హూ’, ‘విచ్’, ‘దట్’ దగ్గర మొదలయ్యే తోకను బ్రాకెట్లో పెట్టి పక్కన ఉంచేవాణ్ణి. ఇరవై రోజులు ఇలా చేశాక పెన్సిల్ అవసరం లేకుండానే కన్ను క్రియను పట్టుకోవడం మొదలుపెట్టింది.

ఇంకో చిక్కు, మనం రోజూ వాడే ఇంగ్లిష్ మాటలే. ‘లోన్ శాంక్షన్ అయింది’ అంటాం కాబట్టి శాంక్షన్ అంటే మంజూరు అని మనసులో పాతుకుపోయింది. ప్యాసేజ్‌లో ఒక దేశం మీద శాంక్షన్స్ విధించారని ఉంటే అవి ఆంక్షలు, పూర్తిగా ఎదురు అర్థం. సెంటిమెంట్ అంటే మనకు ‘ఆ షర్టు వేసుకుంటే పరీక్ష బాగా రాస్తాను’ లాంటి నమ్మకం. అక్కడ పబ్లిక్ సెంటిమెంట్ అంటే జనం మనోభావం. ‘పేషెంట్ క్రిటికల్’ అని ఆసుపత్రిలో వింటాం, కానీ ఒక రచయిత ప్రభుత్వ విధానం పట్ల క్రిటికల్‌గా ఉన్నాడంటే విమర్శిస్తున్నాడని. ‘ఓవర్‌లుక్’ అంటే పైనుంచి చూడటమేమో అనిపిస్తుంది, అక్కడ మాత్రం ఎక్కువగా గమనించకపోవడం, లేదా చూసీ పట్టించుకోకపోవడం. ఇలాంటి మాటలకు నేను ఒక చిన్న నోటుబుక్ పెట్టుకున్నాను: తెలుగులో మనం అనే అర్థం ఒకవైపు, ప్యాసేజ్‌లోని అర్థం ఇంకోవైపు. రెండు నెలల్లో నిండింది. తెలియని వెయ్యి పదాలు బట్టీ పట్టేకంటే, తెలుసనుకున్న ఈ పదాలను సరిచేసుకోవడమే నాకు ఎక్కువ మార్కులు తెచ్చింది.

ఇక సమాధానం ఎంచుకోవడం. ఒక ప్రాక్టీస్ పేపర్లో ఊరి చెరువుల మీద ప్యాసేజ్ వచ్చింది. చెరువుల నిర్వహణను ప్రభుత్వం తన చేతిలోకి తీసుకున్నాక ఊరివాళ్లకు అవి తమవన్న భావన పోయిందని, పూడిక తీయడం మానేశారని రచయిత రాశాడు. ప్రశ్న: రచయిత ప్రకారం చెరువులు ఎందుకు పాడయ్యాయి? వానలు తగ్గడం, రైతులు బోర్లు వేసుకోవడం, ఊరివాళ్లకు తమవన్న భావన పోవడం, నిధులు లేకపోవడం. నేను బోర్లు అని పెట్టాను. ఎందుకంటే మా ఊళ్లో చెరువు ఎండిపోయింది నేను కళ్లారా చూశాను, చుట్టూ బోర్లే. అది నిజమే, కానీ ప్యాసేజ్‌లో బోరు అన్న మాటే లేదు. ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: ఆప్షన్ ఎంచుకునే ముందు దానికి ఆధారమైన లైను మీద వేలు పెట్టాలి. వేలు పెట్టడానికి లైను దొరక్కపోతే ఆ ఆప్షన్ ఎంత నిజంగా అనిపించినా వదిలేయాలి. ‘ఓన్లీ’, ‘ఆల్వేస్’, ‘నెవర్’ ఉన్న ఆప్షన్లను ఇంకోసారి అనుమానంగా చూడాలి. ‘హార్డ్‌లీ’, ‘సెల్డమ్’ కనిపిస్తే వాక్యంలో ‘కాదు’ దాగి ఉన్నట్టే. ‘ఫ్యూ’ అంటే దాదాపు లేరు, ‘ఎ ఫ్యూ’ అంటే కొందరు ఉన్నారు. ఆ ఒక్క అక్షరం దగ్గర నేను చాలాసార్లు మార్కు పోగొట్టుకున్నాను.

వాక్యాలను వరుసలో పెట్టే ప్రశ్నలు అంత కష్టం కావు. ‘అందుకే’, ‘కానీ’, ‘అతను’ అంటూ మొదలయ్యే వాక్యం తెలుగులో అయినా మొదట రాదు కదా. అక్కడా అంతే.

జీకేకు వద్దాం. బిట్టును ఒంటరిగా వదలొద్దు, దాన్ని పట్టుకుని నాలుగడుగులు నడవాలి. మన దగ్గరి ఉదాహరణే తీసుకోండి. పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షలో 1952 డిసెంబర్ 15న కన్నుమూశారు. ఆ కదలికతో 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అదే ఏడాది చివర్లో ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్. దాని తర్వాత 1956 చట్టం, ఏడో రాజ్యాంగ సవరణ, నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2న తెలంగాణ. కాలక్రమంలో అమర్చండి అనే ప్రశ్న ఇందులో ఎక్కడి నుంచి వచ్చినా, కథ తెలిసినవాడికి తేదీలు గుర్తు లేకున్నా వరుస తప్పదు. కొల్లేరూ అంతే: కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య మంచినీటి సరస్సు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. రామ్‌సర్ ఏమిటి? ఇరాన్‌లో ఒక పట్టణం, చిత్తడి నేలల ఒప్పందం అక్కడ 1971 ఫిబ్రవరి 2న కుదిరింది. అందుకే ఆ రోజు ప్రపంచ చిత్తడి నేలల దినం. మన దేశం నుంచి మొదట చేరినవి చిలికా, కేవలదేవ్, 1981లో. ఒక్క కొల్లేరు దగ్గర మొదలుపెడితే ఎన్ని వచ్చాయో చూడండి. జతపరచండి ప్రశ్నల్లో నాలుగూ తెలియక్కర్లేదు. ఖాయంగా తెలిసిన రెండు జతలతో ఆప్షన్లు చాలాసార్లు ఒక్కదానికి వచ్చేస్తాయి.

పుస్తకం అడిగారు. ఎనిమిది నుంచి పది దాకా సాంఘికశాస్త్రం పాఠ్యపుస్తకాలు మళ్లీ చదవండి, అవి ఇంట్లోనే ఉంటాయి. దానికి తోడు ఏదో ఒక పల్చటి జీకే పుస్తకం చాలు. మూడు కొనొద్దు, ఒక్కటే మూడుసార్లు తిరగేయండి. జనరల్ టెస్ట్‌లో రీజనింగ్, లెక్కలు కూడా ఉంటాయి. సీఈసీ వాళ్లం లెక్కలు వదిలేసి ఏళ్లవుతుంది కాబట్టి శాతాలు, నిష్పత్తులు, కాలం-పని రోజూ అరగంట చేయాల్సిందే. జనరల్ టెస్ట్‌ను తెలుగులోనే రాసే వీలుంది, కానీ అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ పాఠాన్నే ప్రామాణికంగా తీసుకుంటారు. రెండు భాషల్లో చదవమని నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం. దరఖాస్తు పెట్టే ముందు మీకు కావాల్సిన యూనివర్సిటీ ఏ పేపర్లు అడుగుతుందో చూసుకోండి, కొన్ని కోర్సులకు జనరల్ టెస్ట్ అక్కర్లేదు.

లా వైపు ఆలోచన ఉంటే నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ కూడా రాయండి. హైదరాబాద్‌లో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ఉన్నాయి. క్లాట్‌లో 120 ప్రశ్నలు, రెండు గంటలు, జీకే కూడా ప్యాసేజ్‌తోనే అడుగుతారు. పైన చెప్పిన పద్ధతి నేరుగా పనికొస్తుంది.

చివరిగా, తెలియని ప్రశ్న దగ్గర టెన్షన్ పడకండి. నేను 2025లో రాసినప్పుడు ఒక్కో పేపర్‌లో 50 ప్రశ్నలు, 60 నిమిషాలు, ఛాయిస్ లేదు. ఒప్పుకు 5, తప్పుకు మైనస్ 1. లెక్క వేయండి: నాలుగు ఆప్షన్లలో రెండు తీసేయగలిగి, మిగిలిన రెండింట్లో ఒకటి ఊహించి పెట్టారనుకుందాం. అలాంటి ప్రశ్నలు రెండుంటే సగటున ఒకటి ఒప్పు, ఒకటి తప్పు, చేతికి 4 మార్కులు. మొదటి ఏడాది మైనస్ భయంతో నేను తొమ్మిది ఖాళీగా వదిలేశాను, వాటిలో కనీసం ఐదింటికి రెండు ఆప్షన్లు కొట్టేయగలిగేవాణ్ణి. మీ సంవత్సరం బులెటిన్ రాగానే మార్కుల పద్ధతి మారిందేమో చూసుకుని, మాక్ టెస్టుల్లోనే ఈ లెక్క అలవాటు చేసుకోండి.