ఇంటి నుంచే పని, మరి ఈ ఏడుపెందుకు?

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. ఏడాదిన్నరగా ఇంటి నుంచే పని, జీతం బానే ఉంది, ప్రయాణం బాధ లేదు, పిల్లాడు కళ్ళ ముందే ఉంటాడు, అయినా రాత్రిదాకా ఆఫీసు మెసేజ్‌లు ఆగవు, సాయంత్రానికి ఎవరు పలకరించినా విసుగు, ఊరికే ఏడుపొస్తోంది, అదే టీమ్‌లో మీ ఫ్రెండ్ మాత్రం హాయిగా ఉంది, మీ ఆయనేమో "ఎనిమిది గంటలేగా, ఇంకేం కావాలి నీకు" అంటున్నారు. లోపం నాలోనేనా, రిజైన్ చేసేయనా అని అడిగారు.

లోపం కాదు, మీకూ ఆ పని తీరుకీ పొసగట్లేదు అంతే. కొంతమంది పిల్లాడికి హోంవర్క్ చెప్తూ మధ్యలో మెయిల్ చూసుకుని మళ్ళీ పుస్తకంలోకి వచ్చేస్తారు, వాళ్ళకి అలాగే తేలిక. కొంతమందికి ఇంటికీ పనికీ మధ్య తలుపు ఉండాల్సిందే. పాత ఆఫీసు నుంచి వస్తూ బస్సు దిగి నడిచే ఆ పది నిమిషాలు గుర్తొస్తాయని రాశారు చూడండి, అక్కడే అర్థమైంది మీరు రెండో రకమని. మీ ఫ్రెండ్‌కి సరిపోయిన చెప్పు మీకు కరుస్తోంది.

1985లో గ్రీన్‌హాస్, బ్యూటెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఉద్యోగానికీ ఇంటికీ పేచీ మూడు రకాలుగా వస్తుందన్నారు: టైము చాలకపోవడం, ఒకచోటి ఒత్తిడి రెండోచోటికి మోసుకురావడం, ఒకచోట పనికొచ్చే తీరు రెండోచోట చెల్లకపోవడం. మీ ఆయన లెక్కపెడుతున్నది మొదటిదొక్కటే. మీది రెండోది, కాస్త మూడోది కూడా, టీమ్ వాళ్ళని అడిగినట్టే పిల్లాణ్ణి "అయిందా లేదా" అంటున్నానని మీరే రాశారుగా.

మేనేజర్‌తో "వర్క్ ఎక్కువైంది" అనకండి, దానికి ఆయన ఏం చేస్తాడు పాపం. "ఏడు దాటాక అర్జెంటైతే ఫోన్ చేయండి, మిగతావి పొద్దున చూస్తా" అనండి. వారానికి రెండ్రోజులు ఆఫీసుకి వెళ్ళే వీలుంటే తీసుకోండి. లేదంటే ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టేసి ఆ పది నిమిషాల నడక మళ్ళీ మొదలెట్టండి, చిన్న విషయంలా ఉంటుంది గానీ బుర్ర పనిలోంచి బయటికి రావాలంటే దారి ఒకటి కావాలి. ఇక "ఇంట్లోనే ఉన్నావుగా" అంటూ మీ అత్తగారు మీటింగ్ మధ్యలో పిలవడం, అది మీ ఆయన చెప్పాలి, మీరు కాదు. మీరు చెప్తే గొడవ, కొడుకు చెప్తే మాట.

ఒక్క జాగ్రత్త. బర్నవుట్, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలిసిపోవడం, అని మీకు మీరే పేరు పెట్టేసుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పనిచోట వచ్చే సమస్యగానే చూస్తుంది, జబ్బుగా కాదు. కానీ రెండు వారాలకి మించి నిద్ర లేకుండా, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే డిప్రెషన్ కావచ్చు, అప్పుడు నా సలహా చాలదు, డాక్టర్‌ని కలవాలి. బతకాలని లేదనిపిస్తే ఆ రోజే.

రిజైన్ ఇప్పుడే వద్దు. రెండు నెలలు చూడండి, అప్పటికీ రాత్రి మెసేజ్‌లు ఆగకపోతే ఈ ఉద్యోగంలో ఉండగానే వేరేది వెతుక్కోండి. ఇంటర్వ్యూలో మాత్రం జీతం కంటే ముందు సాయంత్రాల సంగతి అడగండి.