పాట ఎవరి చేతిలో ఉంది?

చిరంజీవికి ఆశీస్సులు.

రష్యన్ సంగీతకర్త రాఖ్మనినోవ్ రెండవ పియానో కన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో ముఖ్యంగా వాయించే రచన)లోని నెమ్మది భాగం మీద నీవు రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఆ సంగీతం మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ కనిపించింది, సంతోషించాను. అయితే ఆరు పేజీల్లో నాలుగు ఆయన మనోవ్యథకే ఖర్చయ్యాయి. మిగిలిన రెండింటిలో మధురం, ఆర్ద్రం, హృదయవిదారకం అన్న మాటలే మళ్లీ మళ్లీ వచ్చాయి. దాదాపు పన్నెండు నిమిషాలు సాగే ఆ భాగంలో ఏ వాద్యం ఎప్పుడు పలికిందో చెప్పే వాక్యం నాకు ఒక్కటీ దొరకలేదు.

నీవు చెప్పిన కథ నిజమే. 1897లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆయన మొదటి సింఫనీ (పూర్తి ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచన) ఘోరంగా విఫలమైంది, ఆ తర్వాత సుమారు మూడేళ్లు కలం సరిగా కదలలేదు, 1900లో డాక్టర్ నికొలాయ్ డాల్ దగ్గర చికిత్స పొందాడు, ఈ కన్చెర్టోను ఆ వైద్యుడికే అంకితమిచ్చాడు. కానీ ఈ భాగంలో పియానో మొట్టమొదట వాయించే అలల వంటి స్వరాల వరుస 1891 నాటిది. ముగ్గురు అక్కచెల్లెళ్లు ఒకే పియానో ముందు కూర్చుని ఆరు చేతులతో వాయించుకునేందుకు, తన పద్దెనిమిదో ఏట రాసిచ్చిన రొమాన్స్ అనే చిన్న భావగీతం వంటి రచన ఎత్తుగడ నుంచి దాన్ని తెచ్చుకున్నాడు. సింఫనీ దెబ్బతినడానికి ఆరేళ్ల ముందే పుట్టిన స్వరాల్లో ఆ దెబ్బ తాలూకు కన్నీళ్లు ఎలా ఉంటాయి? అందుకే జీవితకథకు ఒక పేరా చాలు, మిగతా చోటంతా చెవికి ఇవ్వు.

చెవికి ఏం వినిపిస్తుందో ఒక్కచోట దగ్గరగా చూద్దాం. నాదాన్ని మెత్తబరిచే మ్యూట్లు తగిలించిన తీగవాద్యాలు సి మైనర్ అనే స్వరసముదాయంలో మెల్లగా మొదలై, నాలుగంటే నాలుగు బార్లలో (బారంటే ఒక తాళావర్తనం లాంటిది) ఎంతో దూరాన ఉన్న ఇ మేజర్‌కు చేరతాయి. అక్కడ పియానో ప్రవేశిస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే అది నాలుగు దెబ్బల తాళంలో తిశ్ర గతి, అంటే దెబ్బకు మూడు చొప్పున బారుకు పన్నెండు స్వరాలు. ఆ పన్నెండింటిని ఆయన మూడేసిగా కాక నాలుగేసిగా కూర్చాడు కాబట్టి, రాతలో నాలుగు దెబ్బలున్నా వినేవారికి మూడే తెలుస్తాయి. తొడ మీద తాళం వేసుకుంటూ విను. నీ చెయ్యి ఆ మూడుకు అలవాటు పడుతుండగానే ఫ్లూట్ వచ్చి నాలుగు లెక్కన పాట ఎత్తుకుంటుంది, కాళ్ల కింద నేల కాస్త జరిగినట్టు అనిపిస్తుంది. ఆ భాగం మనల్ని తేలుస్తుందని నీవు రాశావు. ఎందుకు తేలుస్తుందో అక్కడే ఉంది. కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన మన పాఠకులకు ఈ ఒక్క సంగతి విడమరిచి చెబితే, పది విశేషణాలు చేయలేని పని అవుతుంది.

ఫ్లూట్ కొద్ది స్వరాలు పలికి తప్పుకుంటుంది, క్లారినెట్ అందుకుంటుంది. ఎవరి పేరు మీద ఈ రచన ఉందో, ఎవరిని వినడానికి జనం వచ్చారో ఆ పియానో అంతసేపూ పక్కవాద్యంగానే ఉంటుంది. తర్వాత పాట పియానోకు వస్తుంది. అప్పుడు అది ఇంతవరకూ వాయించిన అలలను క్లారినెట్లూ, వేళ్లతో మీటే వయొలిన్లూ తీసుకుంటాయి. మధ్యలో కలవరం, వేగం, పియానో ఒంటరిగా వాయించే కాడెంజా ఉన్నాయి. వాటి గురించి నీవు చక్కగానే రాశావు. చివర మొదటి పాట తిరిగి వచ్చినప్పుడు దాన్ని పాడేది వయొలిన్లు, పియానో మళ్లీ కిందికి వెళ్లి వాటిని మోస్తుంది. నన్ను ఇన్నేళ్లుగా ఈ భాగం దగ్గరకు రప్పిస్తున్నది ఆ ఇచ్చిపుచ్చుకోవడమే.

నా తొలి వ్యాసాల్లో ఒకచోట ఈ పాటను పియానోయే ఆరంభిస్తుందని రాశాను. ఫ్లూట్ వాయించే పాఠకుడొకరు ఎంతో మర్యాదగా, ఆ పాట ముందు తమ వాద్యానిదేనని ఉత్తరం రాశారు. ఎన్నోసార్లు విన్నాననుకున్నది నిజానికి వినలేదని ఆ రోజు తెలిసి చాలా బాధపడ్డాను. అప్పటినుంచి పాట ఎవరి చేతిలో ఉందో కాగితం మీద రాసుకోకుండా ఏ నెమ్మది భాగం గురించీ ఒక్క వాక్యం కూడా రాయలేదు.

నీవూ అలాగే చెయ్యి. 1929లో స్టకోవ్‌స్కీ నిర్వహణలో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాతో రాఖ్మనినోవ్ స్వయంగా వాయించిన రికార్డింగ్ పెట్టుకో. నెమ్మది భాగం కదా అని ఆయన ఎక్కడా సాగదీయడు, తన పాట మీద తాను జాలిపడడు. పాత రికార్డింగు కాబట్టి వాద్యాలు విడివిడిగా తెలియకపోతే కొత్తదొకటి పక్కన పెట్టుకో.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. 1900 డిసెంబరులో మాస్కోలో ఈ కన్చెర్టో తొలిసారి వినిపించినప్పుడు రెండవ, మూడవ భాగాలే ఉన్నాయి. మొదటి భాగం ఆ తర్వాత రాసి, మొత్తాన్ని 1901లో వాయించాడు. కాబట్టి నీవూ మధ్యలోంచే మొదలుపెట్టవచ్చు. క్లారినెట్ నుంచి పాట పియానోకు చేరే ఆ చోటు గురించి ఒక్క పేరా రాసి ముందు నాకు పంపు. మిగతా వ్యాసం సంగతి అది చదివాక మాట్లాడుకుందాం.