గ్రూప్ ఎక్సర్‌సైజ్‌లో నోరు ఎప్పుడు విప్పాలి?

"వచ్చే వారం అసెస్‌మెంట్ సెంటర్ ఉంది. మిగతావాళ్లు గలగలా మాట్లాడేస్తుంటే నా వంతు ఎప్పుడు వస్తుంది?" అని ఒక అమ్మాయి అడిగింది. వంతు రాదమ్మా, తీసుకోవాలి. అలాగని ఎవరి మాటనూ తుంచనక్కర్లేదు.

అసెస్‌మెంట్ సెంటర్ అంటే ఉద్యోగానికి వచ్చినవారిని ఒకచోట చేర్చి, రకరకాల పనులిచ్చి చూసే ఎంపిక పద్ధతి. అందులో అందరూ కలిసి ఒక సమస్యను చర్చించి తేల్చేదే గ్రూప్ ఎక్సర్‌సైజ్. ముందు ఆ గదిలో జరిగేదేమిటో తెలుసుకోండి. ఆరుగురో ఎనిమిదిమందో బల్ల చుట్టూ కూర్చుంటారు. కాగితాలు చదువుకోవడానికి కొద్ది నిమిషాలు, చర్చకు అరగంటో ముప్పావుగంటో ఇస్తారు. పక్కన కూర్చున్న పరిశీలకులు తమకు అప్పగించిన ఒకరిద్దరు అన్నదీ చేసిందీ రాసుకుంటారు. మార్కులు వేసేది ఆ తర్వాత, ఆ రాత చూసుకునే. 1942లో, యుద్ధం మధ్యలో, బ్రిటిష్ సైన్యం అధికారులను ఎంచుకోవడానికి నాయకుడు లేని బృందానికి పని అప్పగించి గమనించడం మొదలుపెట్టింది. ఇప్పటి గ్రూప్ ఎక్సర్‌సైజ్‌కు ఉన్న మూలాల్లో అదొకటి.

కాబట్టి మీ మనసులో ఎంత మంచి ఆలోచన ఉన్నా, ఆ కాగితం మీదికి ఎక్కకపోతే లేనట్టే. నేను అలాగే నష్టపోయాను. నా మొదటి ప్రయత్నంలో మాకిచ్చిన బడ్జెట్ పట్టికలో రవాణా ఖర్చు రెండుసార్లు కలిపి ఉండటం గమనించి, ఆ అంకె చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాను. ఇంగ్లిష్‌లో వాక్యం నున్నగా కుదిరాక చెబుదామని లోపలే అల్లుకుంటూ కూర్చున్నాను. అది కుదిరేసరికి చర్చ ఎటో వెళ్లిపోయింది. ఎంపిక కాలేదు. "చర్చలో పాల్గొన్నది తక్కువ" అని రాసి పంపారు. "ఈ అంకె రెండుసార్లు వచ్చింది, చూద్దామా?" అంటే సరిపోయేది.

మొదటి ఐదు నిమిషాల్లోనే చిన్న మాటైనా అనేయండి. ఆలస్యమైనకొద్దీ నోరు బరువెక్కుతుంది.

"టైమ్ నేను చూస్తాను" అని ఊరుకుంటే ప్రయోజనం లేదు. "పదిహేను నిమిషాలయ్యాయి, మూడింటిలో ఒకటే తేల్చాం, రెండోది తీసుకుందామా?" అనడం అసలు పని. మౌనంగా ఉన్నవారిని ఊరికే "మీరేమంటారు?" అని అడిగితే ఇంకా ముడుచుకుంటారు. కొన్నిసార్లు ఒక్కొక్కరికీ వేర్వేరు వివరాలు ఇస్తారు. "సిబ్బంది లెక్క మీ కాగితంలో ఉందన్నారు కదా, చెబుతారా?" అంటే వారికి పట్టు దొరుకుతుంది, బృందానికి అవసరమైన లెక్కా బయటికి వస్తుంది. పక్కవారిని పోటీదారులుగా చూడకండి. చాలాచోట్ల ఒకరితో ఒకరిని పోల్చరు, ముందే పెట్టుకున్న కొలమానంతో కొలుస్తారు. అందరూ ఎంపిక కావచ్చు, ఎవరూ కాకపోనూవచ్చు.

ఎదుటివారి వాదన నచ్చి మనసు మార్చుకుంటే, ఎందుకు మార్చుకున్నారో పైకి చెప్పండి.

అర్థం కానిది అడగడానికి వెనకాడకండి. తర్వాతి రోజుల్లో నేనూ పరిశీలకుడిగా కూర్చున్నాను. ఒక అబ్బాయి "క్షమించండి, ఆ చివరి మాట అర్థం కాలేదు, మళ్లీ చెబుతారా?" అన్నాడు. బల్ల దగ్గర ఇంకో ఇద్దరికీ అర్థం కాలేదని అప్పుడే తెలిసింది. ఆ ప్రశ్నను అతని పేరు కిందే రాసుకున్నాను.