పందుల షెడ్డు నీళ్లకు గుర్రపుడెక్క పనికొస్తుందా?

ప్రశ్న: మా పందుల షెడ్డు కడిగిన నీళ్లు గుంటలోకి పోతాయి. అందులో గుర్రపుడెక్క పెంచితే రాగి, జింక్ తగ్గుతాయంటున్నారు. నిజమేనా డాక్టరు గారూ? తీసిన మొక్కను పశువులకు వేయొచ్చా?
– ఒక రైతు, తణుకు దగ్గర

జవాబు: తగ్గుతాయండీ. దాణాలో కలిపే రాగి, జింక్‌లో పంది ఒంటికి పట్టేది కొంచెమే. మిగతాదంతా పెంటలో వచ్చేస్తుంది. గుర్రపుడెక్క వాటిని పట్టుకుంటుంది, ఆకుల్లోకంటే వేర్లలోనే ఎక్కువ. కానీ షెడ్డు నీళ్లు నేరుగా వదిలితే అమ్మోనియా ఘాటుకి మొక్కే మాడిపోతుంది. ముందు తొట్టిలో మడ్డి తేర్చి, మామూలు నీళ్లు కలిపి వదలండి.

అసలు పని ఆ తర్వాతే. లోహం మాయం కాదు, నీళ్లలోంచి మొక్కలోకి మారుతుంది, అంతే. గుంట నిండేకొద్దీ మొక్కలు తీసేస్తుండాలి. అక్కడే కుళ్లాయా, మళ్లీ నీళ్లలోకే! మేతగా మాత్రం వద్దే వద్దు. గొర్రెలకైతే రాగి త్వరగా విషమవుతుంది. ఆ నీళ్లలో అజొల్లా (నీటి మీద తేలే చిన్న మేత మొక్క) పెంచినా ఇదే మాట. కంపోస్టు చేస్తే ల్యాబ్‌లో పరీక్ష చేయించాకే పొలానికి వేయండి. ఒక్క మొక్క పంటకాలువలో పడినా త్వరగా అల్లుకుపోతుంది, ఊరంతా మిమ్మల్నే తిడుతుంది, జాగ్రత్త.

నన్నడిగితే, ముందు దాణా బస్తా మీద రాగి ఎంతుందో చూడండి. అవసరానికి మించి ఉంటే అక్కడే తగ్గించుకోవచ్చు.