పాటల పెట్టె: క్యాసెట్ మీద ‘ఆహా’ అని రాసి ఉంది

(పాఠకుల ప్రశ్నలకు అనంతపురం టవర్ క్లాక్ దగ్గర చాలా ఏళ్లు రికార్డింగ్ షాపు నడిపిన మా కాలమిస్టు జవాబులు)

ప్రశ్న: సార్, మా నాన్న ధర్మవరంలో పట్టుచీరలు నేస్తారు. 1986లో అనంతపురంలో డిగ్రీ పూర్తి చేశారు. అప్పటి క్యాసెట్ ఒకటి ఇంకా దాచుకున్నారు. దాని మీద ‘ఆహా’ అని మాత్రమే ఉంది. పాటలు బాగున్నాయని అలా రాసుకున్నారేమో అనుకున్నాను. ఫోన్‌లో వెతికితే తెలుగు సినిమాల యాప్ వస్తోంది. అన్నీ ఇంగ్లీషు పాటలు. రెండో వైపు కొంతసేపయ్యాక ఉన్నట్టుండి ఇళయరాజా పాటలు మొదలవుతాయి. నాన్నకు ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా మగ్గం దగ్గర ఆ రాగాలే తీస్తారు. నెల నుంచి క్యాసెట్ తిరగడం లేదు, ఆయన దిగులుగా ఉన్నారు. ఈ పాటలు ఎవరివి? క్యాసెట్ బాగుచేసే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, ధర్మవరం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. ‘ఆహా’ అన్నది మెచ్చుకోలు కాదు, ఆ బ్యాండ్ పేరే అది. నార్వేలోని ఓస్లోలో 1982లో ముగ్గురు కుర్రాళ్లు కలిసి పెట్టుకున్నారు. పాడేది మోర్టెన్ హార్కెట్, కీబోర్డు మాగ్నె ఫురుహోల్మెన్, గిటారు పాల్ వాక్టార్. పాల్ పాటలు రాసుకునే పుస్తకంలో ఆ మాట మోర్టెన్ కంటపడి, అదే పేరుగా ఖాయమైంది. అచ్చం మన మాటలా ఉంది కదా, మా షాపులోనూ లేబుల్ మీద తెలుగులోనే రాసేవాళ్లం.

మీరు చెప్పినదాన్ని బట్టి అది 1985లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ ‘హంటింగ్ హై అండ్ లో’ అయ్యుండాలి. పది పాటలు, ముప్పావు గంట కూడా ఉండదు. మా దగ్గర ఎక్కువమంది అడిగేది 60 నిమిషాల క్యాసెట్. ఒక వైపు నిండిపోగా మిగిలిన పాటలు రెండో వైపుకు వచ్చేవి. ఆ తర్వాత టేపు ఖాళీ. డబ్బు పెట్టి కొన్న టేపును ఖాళీగా ఎవరు వదులుకుంటారు? ‘మిగతాది ఇళయరాజాతో నింపన్నా’ అనేవాళ్లు.

ఇంగ్లీషు రాకుండా ఎలా నచ్చిందంటారా, ఆ ఆల్బమ్‌లోని ‘టేక్ ఆన్ మీ’ పాట పల్లవి వినండి. కింది స్థాయిలో నెమ్మదిగా ఎత్తుకుని, మెట్టు మెట్టూ ఎక్కుతూ, గొంతు సన్నబడే చోటు దాకా వెళ్తాడు మోర్టెన్. కింది ‘స’ నుంచి పై ‘స’ దాకా ఒక స్థాయి అనుకుంటే, మొత్తం రెండున్నర స్థాయిలు. మన సీమలో నాటక పద్యాలు విన్న చెవికి ఆ ఎత్తు తెలియడానికి భాష అక్కర్లేదు. ఆదివారాలు హాస్టల్ కుర్రాళ్లు నలుగురైదుగురు వచ్చి, కౌంటర్ మీద నోటుబుక్కు పెట్టుకుని, వినబడింది వినబడినట్టు తెలుగు అక్షరాల్లో రాసుకునేవాళ్లు. ‘అన్నా, ఇంకొక్కసారి వెనక్కి తిప్పన్నా’ అని ఒకే లైను పదిసార్లు తిప్పించేవాళ్లు. నేనెప్పుడూ విసుక్కోలేదు, నాకూ వినాలనే ఉండేది. కదిరి కుర్రాడొకడు ఆ పై మెట్టు అందుకోబోయి, గొంతు జీరబోయి, కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. వాడి ముఖం నాకింకా గుర్తే.

ఆ పాట ఒక్కసారిగా ఆడలేదు. 1984లో విడుదలైతే బ్రిటన్‌లో ఎవరూ పట్టించుకోలేదు. అలన్ టార్నీ అనే నిర్మాతతో మళ్లీ రికార్డు చేశారు. బ్రిటన్‌లో మూడోసారి విడుదల చేశాకే జనం విన్నారు. 1985 అక్టోబరులో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. ఈ సంగతి మీ నాన్నగారికి చెప్పండి. తెగిన పోగును అతికి మళ్లీ నేసే మనిషి, ఆయనకు బాగా అర్థమవుతుంది.

ఇక క్యాసెట్. బలవంతంగా ప్లే చేయకండి, టేపు సాగిపోతుంది. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే ప్లేయర్‌లో అసలు పెట్టొద్దు, టేపును చదివే హెడ్‌కు అంటి మిగతా క్యాసెట్లనూ పాడుచేస్తుంది. బూజు లేకపోతే డబ్బాకున్న ఐదు చిన్న స్క్రూలు విప్పి, బల్ల మీద పడుకోబెట్టి మెల్లగా తెరవండి. టేపు చుట్టలు రెండింటినీ కదలకుండా ఎత్తి, బాగున్న వేరే క్యాసెట్ డబ్బాలోకి మార్చండి. టేపు పోయే దారి పాత డబ్బాలో ఎలా ఉందో ముందే ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత పెన్సిలుతో కొంచెం తిప్పి చూసి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి చుట్టి, అప్పుడు వినండి. ఆడితే వెంటనే ప్లేయర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు వైరు కలిపి రికార్డు చేసేయండి. ఇళయరాజా పాటలను మాత్రం కత్తిరించకండమ్మా. ఆ పాట తర్వాత ఈ పాట అని మీ నాన్నగారి చెవికి నలభై ఏళ్ల అలవాటు.

ప్రశ్న: ‘టేక్ ఆన్ మీ’ వీడియోలో పెన్సిల్ బొమ్మలు కదులుతాయి కదా, కంప్యూటర్‌తో చేశారా?
– ఒక విద్యార్థి, గుంతకల్లు

జవాబు: లేదు నాయనా, చేత్తో గీశారు. ముందు మనుషులతో షూటింగ్ చేసి, ఆ ఫ్రేముల మీద మైకేల్ ప్యాటర్సన్, క్యాండేస్ రెకింగర్ బొమ్మలు గీశారు. దాదాపు 3,000 ఫ్రేములు, 16 వారాల పని. దర్శకుడు స్టీవ్ బారన్. 1986లో దానికి ఆరు ఎంటీవీ అవార్డులు వచ్చాయి. మా ఊరికి కేబుల్ వచ్చాక గాని నేను చూడలేదు. కాగితంలోంచి చెయ్యి బయటికొచ్చి వీడియోలోని అమ్మాయిని పిలిచినప్పుడు ఒళ్లు పులకరించింది.

ప్రశ్న: ‘ఆహా’ బ్యాండ్‌ది హిట్టయిన పాట ఒక్కటేనని మా మేనమామ వాదిస్తాడు. నిజమా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: మీ మామయ్యతో నేను ఒప్పుకోను. ‘ద సన్ ఆల్వేస్ షైన్స్ ఆన్ టీవీ’ 1986 జనవరిలో బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది, ‘టేక్ ఆన్ మీ’కి అక్కడ దక్కింది రెండో స్థానమే. 1987లో జేమ్స్ బాండ్ సినిమా ‘ద లివింగ్ డేలైట్స్’కు టైటిల్ పాట వాళ్లదే. 1991లో బ్రెజిల్‌లోని మరకానా స్టేడియంలో వాళ్ల కచేరీకి 1,98,000 మంది టికెట్టు కొని వచ్చారు, అప్పట్లో గిన్నిస్ రికార్డు అది. నాకు ప్రాణమైన పాట మాత్రం 2000లో వచ్చిన ‘సమ్మర్ మూవ్డ్ ఆన్’. అందులో మోర్టెన్ ఒకే స్వరాన్ని ఊపిరి తిప్పుకోకుండా 20 సెకన్లు నిలబెడతాడు. మామయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, చేతిలో గడియారం పట్టుకుని వినండి.