సంతోషానికీ పరిశుద్ధతకీ తగువు పెట్టకు తమ్ముడూ

తమ్ముడూ, వందనాలు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మెట్రోలో, సికింద్రాబాద్ ఈస్ట్ నుంచి అమీర్‌పేట దాకా నిలబడి, ఫోన్‌లో. రెండోసారి ఇంట్లో, పెన్సిల్ పట్టుకుని. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నా, తర్వాత అలగకు.

"దేవుడు మనల్ని సంతోషంగా ఉండమని పిలవలేదు, పరిశుద్ధంగా ఉండమని పిలిచాడు" అని మొదలుపెట్టావు. ఈ మాట నీది కాదు. యూత్ మీటింగుల్లో, వాట్సాప్ స్టేటస్‌లలో ఎప్పటినుంచో తిరుగుతున్నదే. వినడానికి గట్టిగా ఉంటుంది, కొందరికి అవసరం కూడా. "నాకిందులో సంతోషం లేదు కాబట్టి ఇది దేవుని చిత్తం కాదు" అని ఇచ్చిన మాటనీ చేసిన అప్పునీ వదిలేసి పోయినవాళ్లను నేనూ చూశాను. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని నాలుగు పేజీలు నడిపేసరికి నీ దేవుడు, ఎవరి గదిలోంచైనా నవ్వు వినిపిస్తే తలుపు కొట్టే హాస్టల్ వార్డెన్‌లా తయారయ్యాడు. బైబిల్లో దేవుడు అలా ఉండడు కదా. "నీ సన్నిధిని సంపూర్ణసంతోషము కలదు" అని 16వ కీర్తన. సన్నిధికి వెళ్లడమేగా మనం పరిశుద్ధత అనేది? ఆ చోట సంతోషం ఉందని కీర్తనకారుడు చెబుతుంటే, రెంటికీ మధ్య గోడ కట్టడానికి నువ్వెవరు, నేనెవరు?

జక్కయ్యనూ ఆ ధనవంతుడైన యౌవనుణ్ణీ పక్కపక్కన పెట్టి చూడు. యౌవనుడు చిన్నప్పటినుంచి ఆజ్ఞలన్నీ పాటించినవాడు, మన సంఘంలో ఉంటే యూత్ సెక్రటరీ అయ్యేవాడు. యేసు ఆస్తి అమ్మి బీదలకిమ్మనేసరికి దుఃఖపడుతూ వెళ్లిపోయాడు. జక్కయ్య సుంకరి, అంటే పన్నులు వసూలు చేసేవాడు, పదిమందిని దోచినవాడు. యేసును చూడాలని ఎక్కిన చెట్టు దిగి, ఆయన్ని సంతోషంతో ఇంటికి తీసుకెళ్లాడు, ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. చూశావా, ఈ కథ చెప్పిన సువార్తలో లూకా ముందు సంతోషం రాశాడు, ఆ తర్వాతే లెక్కలు సరిచేసుకోవడం. నీ వ్యాసంలో ఇదంతా తలకిందులుగా ఉంది. ముందు పళ్లు బిగబట్టి అన్నీ వదులుకోవాలి, సంతోషం ఎప్పుడో పరలోకంలో.

386లో ఇటలీలోని మిలాన్‌లో మనసు మారిన అగస్టీన్, ఆ పాతకాలపు క్రైస్తవ వేదాంతి, కూడా ఇలాంటి మాటే రాసుకున్నాడు. ఏవి పోతాయో అని ఏళ్లతరబడి భయపడ్డాడో, అవి లేకుండా ఉండటమే తీపిగా అనిపించిందట, ఎందుకంటే వాటికంటే తియ్యనివాడు వచ్చి వాటి చోట కూర్చున్నాడు. పాపం వదిలేయడం గురించి రాస్తే ఆ తీపి కూడా రాయాలి. లేకపోతే నువ్వు రాసింది నిజమే, కానీ సగం.

అలాగని అవతలి గోతిలో పడకు. పరిశుద్ధంగా ఉంటే ప్రమోషన్ వస్తుంది, వీసా వస్తుంది, స్థలం రిజిస్ట్రేషన్ అవుతుంది అని చెప్పే సాక్ష్యాలకు మన ఊళ్లో కొదవ లేదు. వాటి గురించి ఎక్కువ చెప్పను, నీకే తెలుసు. అపొస్తలుడు పౌలు ఫిలిప్పీ సంఘానికి "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని ఉత్తరం రాసింది సంకెళ్లలో ఉండి. ఇంకోటి, ఆ మాటకు రెండు వచనాల ముందే యువొదియ, సుంటుకే అనే ఇద్దరు ఆడవాళ్లను ఏకమనసుతో ఉండమని బతిమాలుకుంటాడు. అంటే జైలొకటి, సంఘంలో తగువొకటి. కమిటీ ఎన్నికలప్పుడు మన సంఘం చూశావు కదా, అలాంటివాళ్లకే వెళ్లిందా ఉత్తరం.

ఇక పరిశుద్ధత. నీ వ్యాసంలో ఆ మాట చాలాసార్లు వచ్చింది (లెక్కపెడుతూ మధ్యలో ఆపేశాను), ఒక్కసారి కూడా కంటికి కనబడలేదు. మనవాళ్లకు ఆ మాట వినగానే తెల్లబట్టలు, నగల్లేని మెడ, సినిమా మానేయడం గుర్తొస్తాయి. ఎవరి మనస్సాక్షి వారిది, వెక్కిరించను. మా అమ్మ కూడా నగలు పెట్టుకోలేదు. కానీ "పరిశుద్ధులై యుండవలెను" అని మొదలయ్యే లేవీయకాండం 19వ అధ్యాయం ఒకసారి కింద దాకా చదువు. పొలం అంచుల దాకా కోసుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదులు. గుడ్డివాడి ముందు అడ్డం పెట్టొద్దు. తప్పుడు తూకం వద్దు. కూలివాడి కూలి తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దు.

ఈ కూలి మాట దగ్గర నాకొక బాకీ ఉంది, చెబుతాను. నీ వయసులో నేనూ ఇంకో ఇద్దరం చిక్కడపల్లిలో ఒక గదిలోంచి చిన్న మాసపత్రిక నడిపేవాళ్లం. ఒక శనివారం రాత్రి పరిశుద్ధత మీదే సంపాదకీయం రాస్తున్నా. బైండింగ్ చేసే ఆయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, డబ్బుల కోసం. డబ్బులు డ్రాయర్‌లో ఉన్నాయి. రాత ఆగిపోతుందని, లేచి లెక్కపెట్టడం బద్ధకమనిపించి, "సోమవారం రా అన్నా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. వెళ్లాక ఒక్క వాక్యం రాయలేకపోయాను. ఏదో దర్శనం వచ్చిందని అనుకోకు, ఉత్త చిరాకు, అంతే. చివరికి సైకిల్ తీసుకుని కాచిగూడలో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి ఇచ్చాను. ఆయన లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు, థాంక్స్ కూడా చెప్పలేదు, ఎందుకు చెప్పాలి? తిరిగొచ్చేటప్పుడు సైకిల్ తేలిగ్గా నడిచింది. దానికి సంతోషమని పేరు పెట్టడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ సంపాదకీయం మాత్రం చెత్తగా వచ్చింది, అచ్చులో కూడా వచ్చింది.

నువ్వు రాయాల్సింది ఇలాంటివి. నువ్వుండేది అమీర్‌పేట హాస్టల్లో. కోచింగ్ ఫీజు కోసం ఊళ్లో అర ఎకరం అమ్మించినవాళ్లు నీ పక్క మంచం మీదే పడుకుంటున్నారు. ఇంటర్వ్యూలో లేని ఎక్స్‌పీరియన్స్ ఉన్నట్టు రెజ్యూమే పెట్టమని అందరూ చెబుతారు, నీకూ చెప్పే ఉంటారు. పెట్టావా? పెట్టకపోతే ఆ రాత్రి ఎలా నిద్రపట్టింది, పెడితే ఎలా పట్టింది? నీ వ్యాసంలో అమీర్‌పేట ఒక్క ముక్క కూడా లేదు.

భాష గురించి రెండు మాటలు. వచనం రాసేటప్పుడు బైబిల్లో ఉన్నట్టే రాయి, అందులో అందం ఉంది. నీ సొంత వాక్యాల్లో మాత్రం "యున్నాడు", "చేయుచుండెను" తీసెయ్. అవి చూడగానే చదివేవాడు ప్రసంగం మొదలైందనుకుని ఫోన్ పక్కన పెట్టేస్తాడు. పేజీకి తొమ్మిది వచనాలు పెట్టావు, రెండు చాలు. నేనూ ఈ ఉత్తరంలో ఎక్కువే పెట్టాను, వయసు మీద పడుతోంది.

చివరి పేజీలో మీ నాన్నగారి గురించి రాసిన పేరా ఉంది చూడు, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రాత్రి. నీ వ్యాసం మొత్తానికి ప్రాణం అక్కడుంది. కానీ మూడు వాక్యాలకే "అయినా నేను ప్రభువులో ఆనందించాను" అని మూత పెట్టేశావు. ఎందుకంత తొందర? "దుఃఖపడువారు ధన్యులు" అన్నాడు యేసు, ధన్యత అనే మాట దుఃఖం పక్కనే పెట్టాడు, దుఃఖాన్ని తుడిచేసి పెట్టలేదు. ఆ రాత్రి అమ్మ ఏం చేసింది, నువ్వు ప్రార్థన చేయగలిగావా లేదా, అది రాయి. చేయలేకపోతే చేయలేకపోయానని రాయి.

ఆ పేరాతోనే మొదలుపెట్టి మళ్లీ రాసుకురా. ఆదివారం రెండో ఆరాధన అయ్యాక ఇంటికి వచ్చెయ్, మీ వదిన భోజనానికి ఉండమంది. ప్రింట్ తీసుకురా, ఫోన్‌లో అయితే నాకు కళ్లు లాగుతున్నాయి.

మీ అన్న