ఆ ట్యూబు పిల్లికి వెయ్యకు తల్లీ

బంగారూ,

పార్కింగ్‌లో దొరికిన పిల్లికూనకి ఫ్లీస్, అదే రక్తం తాగే ఆ గెంతే చిన్న పురుగులు, పట్టాయని వెయ్యబోతున్న మందు ట్యూబు ఫోటో పంపావు కదా, ఇప్పుడే పెద్దది చేసి చూశాను. మిగతాదంతా తీరిగ్గా చదువుకుందువుగాని, ముందు ఈ ఒక్క మాట విను. ఆ ట్యూబు పిల్లికూనకి వెయ్యకు. సగం కాదు, ఒక్క చుక్క కూడా వద్దు. మీ మరిది వాళ్ళ కుక్కకి వాడగా మిగిలింది కదా, ఊరికే పారెయ్యడం ఎందుకని నీకు అనిపించి ఉంటుంది. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో పెర్మెత్రిన్ అని ఉంది చూడు. కుక్కకి అది మందు, పిల్లికి విషం. కుక్కల చుక్కల మందుల్లో కొన్నిట్లో అది 40 శాతం పైనే ఉంటుంది, అంత చిక్కటి మందు ఆ పిడికెడు ప్రాణం మీద పోస్తే ఏమవుతుందో ఒకసారి ఆలోచించు.

అసలు సంగతి పిల్లి కాలేయంలో ఉంది. ఇలాంటి మందు ఒంట్లోకి వెళ్తే మన కాలేయం, కుక్క కాలేయం దాన్ని విరిచేసి బయటికి పంపేస్తాయి. పిల్లికి ఆ శక్తి చాలా తక్కువ, అందుకని మందు ఒంట్లోనే ఉండిపోయి నరాల మీద పనిచేస్తుంది. జ్వరం మాత్ర పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీసేది కూడా దాదాపు ఇందుకే, అది కూడా ఎప్పుడూ వెయ్యకు, పిల్లకి ఒళ్ళు వెచ్చగా ఉందని నువ్వు కంగారుపడి వేసేస్తావేమో అని చెప్తున్నాను.

ఇదంతా నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. 12 ఏళ్ళ కిందట నల్లకుంటలో, ఫీవర్ హాస్పిటల్ వెనక సందులో ఉన్నప్పుడు, ఆగస్టు వానల్లో మా పిల్లి గౌరికి ఫ్లీస్ పట్టాయి. దగ్గర్లో ఉన్న షాపుకెళ్తే పిల్లుల మందు లేదని కుక్కలదే చేతిలో పెట్టి, సగం వెయ్యండి ఆంటీ ఏం కాదు అన్నాడు. సాయంత్రం ఏడింటికి మెడ మీద వేశాను. పదిన్నరకి దాని చెవి చివర అదరడం మొదలైంది, ఈగ వాలితే అదిలించినట్టు, అంతే. ఈగేమో అనుకుని నేను చేత్తో తోలాను కూడా. కాసేపటికి మూతి పక్కన చర్మం, తర్వాత ముందుకాళ్ళు, ఒంటిగంట అయ్యేసరికి ఒళ్ళంతా వణుకు, నోట్లోంచి చొంగ, ముట్టుకుంటే కాలిపోతోంది. మీ పెదనాన్న గోరువెచ్చటి నీళ్ళు పట్టుకొస్తే గిన్నెలు తోమే లిక్విడ్‌తో మెడంతా రెండుసార్లు కడిగి, టవల్లో చుట్టి ఆటోలో తీసుకెళ్ళి డాక్టర్ గారి తలుపు కొట్టాం. దీనికి విరుగుడు మందంటూ లేదమ్మా, ఒంట్లోంచి అది పోయేదాకా ఫిట్స్ ఆపుతూ కాపాడుకోవాలి అన్నారాయన. రెండు రోజులు సెలైన్ మీద ఉంది. మూడోరోజు పొద్దున పెరుగన్నం దగ్గరికి తనంతట తను వచ్చి వాసన చూస్తే అక్కడే కూర్చుని ఏడ్చాను.

అందుకే ఏ మందు కొన్నా డబ్బా మీద పిల్లి బొమ్మ చూసి ఊరుకోకు, లోపలి మందు పేరు చదువు. పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, ఇలా చివర 'మెత్రిన్' అని ఉన్నవి ఏవీ పిల్లి ఒంటికి వద్దు. కుక్కల గోమార్లకి వాడే అమిట్రాజ్ కూడా వద్దు. బొద్దింకలకి గీసే చాక్‌పీసులో ఉండేది కూడా ఈ జాతి మందే, పిల్లి దాని మీద నడిచి పాదాలు నాక్కుంటుంది, కాబట్టి కిచెన్‌లో గీసి ఉంటే ఇవాళే తుడిచెయ్. మనుషుల పేల షాంపూలు, గజ్జి క్రీములు కూడా అంతే, వాటిల్లోనూ పెర్మెత్రిన్ ఉండేవి చాలా ఉన్నాయి.

అమ్మమ్మ చెప్పిందని వేపనూనె రాద్దామని కూడా అన్నావు. అమ్మమ్మ మాట మీద నాకు గౌరవమే, కానీ పిల్లి ఒంటికి ఏది రాసినా అది పది నిమిషాల్లో కడుపులోకే పోతుంది, రోజంతా నాక్కోవడమే కదా దాని పని. వేపనూనె, కర్పూరం, నీలగిరి తైలం, టీ ట్రీ ఆయిల్, నాఫ్తలిన్ ఉండలు ఏవీ దాని దగ్గరికి రానివ్వకు. వెల్లుల్లి పెడితే పురుగులు పోతాయని ఎవరైనా చెప్తే అసలు వినకు, పిల్లి రక్తంలో ఎర్రకణాలు చితికిపోతాయి.

మరి ఏం వెయ్యాలి అంటావు. ఫిప్రోనిల్, సెలమెక్టిన్, ఇమిడాక్లోప్రిడ్, ఈ మూడింట్లో ఏదో ఒకటి, పిల్లులకని తయారుచేసిన ట్యూబే, డాక్టర్ రాసిస్తేనే. వీటిల్లో చాలావాటికి కూన వయసు 8 వారాలు దాటాలి, బరువు కూడా సరిపోవాలి. నీ దగ్గరున్నది పార్కింగ్‌లో దొరికిన పిల్ల, వయసు ఎవరికి తెలుసు, అందుకని డాక్టర్‌కి పళ్ళు చూపించు, ఆయన చెప్తారు. బరువు ఇంట్లోనే చూడొచ్చు. పిల్లని ఎత్తుకుని నువ్వు మెషీన్ ఎక్కు, తర్వాత నువ్వొక్కదానివే ఎక్కి అందులోంచి తీసెయ్. మరీ చిన్నదైతే ఇప్పటికి మందు జోలికే వెళ్ళొద్దు. సన్నపళ్ళ ఫ్లీ దువ్వెన దొరుకుతుంది, రోజుకి రెండుసార్లు మెడ, తోక మొదలు, పొట్ట కింద దువ్వు, పడ్డ పురుగుల్ని సబ్బునీళ్ళ గిన్నెలో ముంచు. ఒళ్ళు కడగాలంటే ముందు మెడ చుట్టూ గాజులా నురగ పట్టించి అప్పుడు కిందికి రా, లేకపోతే అన్నీ మొహం మీదికి పరిగెడతాయి. కడిగాక వెంటనే పూర్తిగా తుడిచి ఆరబెట్టు, చిన్నపిల్లకి చలి తట్టుకునే ఓపిక ఉండదు. పై పెదవి ఎత్తి చిగుళ్ళు కూడా చూడు, గులాబీ రంగులో ఉంటే ఫరవాలేదు, తెల్లగా పాలిపోయి ఉంటే పురుగులు రక్తం తాగేశాయని అర్థం, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళు.

అసలు అవి ఫ్లీసేనా అని అడిగావు. గోమారైతే ఒక్కచోటే గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఫ్లీ వెంట్రుకల మధ్య పరిగెడుతుంది, దొరకబోతే గెంతుతుంది. ఒంటి మీద మిరియాల పొడిలాంటి నల్లటి రవ్వ ఉందన్నావు కదా, దాన్ని తడి దూది మీద వేసి ఒత్తి చూడు, ఎర్రటి మరక దిగితే అది ఫ్లీల మలం, జీర్ణమైన రక్తం. నీ చీలమండల దగ్గర దద్దుర్లు కూడా వాటి పనే అయి ఉంటుంది. తోక కింద బియ్యపుగింజల్లాంటివి కనిపిస్తే బద్దెపురుగు, ఎక్కువగా ఫ్లీని మింగడం వల్లే వస్తుంది, దానికి వేరే మందు ఉంది, అడుగు.

ట్యూబు వేసేటప్పుడు తల కింద మెడ వెనక, నాలుక అందని చోట, వెంట్రుకలు పాయ తీసి చర్మానికే తగిలేలా వెయ్యి, వెంట్రుకల మీద పోస్తే దండగ. ఆరేదాకా బాబుని ముట్టుకోనివ్వకు. ఎక్కడో కాస్త నాకితే చేదుకి కొంచెంసేపు చొంగ కారుస్తుంది, దానికి టెన్షన్ పడకు. కానీ చెవులు అదరడం, వణుకు, తూలడం కనిపిస్తే ఒక్క నిమిషం ఆగొద్దు. ఫిట్స్ వస్తుంటే కడగడానికి కూడా కూర్చోకు, మందు డబ్బా చేత్తో పట్టుకుని పరిగెత్తు.

పిల్లికి వేసినంత మాత్రాన అయిపోదు, చాలామంది ఓడిపోయేది ఇక్కడే. ఒంటి మీద కనిపించేది ఇంట్లో ఉన్నదాంట్లో ఇరవయ్యో వంతు. ఒక్కో ఆడ ఫ్లీ రోజుకి 40 దాకా గుడ్లు పెడుతుంది, అవి జారి సోఫా సందుల్లో, పరుపు కింద, కార్పెట్‌లో పడతాయి. గూడు కట్టుకున్న పురుగు నెలల తరబడి కూడా ఆగి, అడుగుల అదురు తగలగానే బయటికొస్తుంది. కాబట్టి దాని పరుపుగుడ్డలు వారానికోసారి బాగా వేడినీళ్ళలో ఉతుకు, సోఫా దిండ్లు మేడ మీద ఎండలో వెయ్యి, వ్యాక్యూమ్ చేశాక ఆ చెత్త వెంటనే బయట పడెయ్. చుక్కల మందు కూడా డాక్టర్ చెప్పిన తేదీ తప్పకుండా కనీసం మూడు నెలలు. రెండోవారంలో పురుగులు మళ్ళీ కనిపిస్తాయి, మందు పనిచెయ్యలేదని పైన ఇంకోటి వెయ్యకు, అవి అప్పుడే గూళ్ళలోంచి వచ్చినవి. పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిస్తే పిల్లి ఉందని ఫోన్‌లోనే చెప్పు, కొట్టింది పూర్తిగా ఆరేదాకా దాన్ని ఇంట్లోకి తేకు.

డాక్టర్ కోసం వెతుక్కోనక్కర్లేదు, నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో కూడా చూస్తారు. మియాపూర్ నుంచి దూరమనుకుంటే మీ దగ్గర్లో రాత్రిపూట తీసి ఉండే క్లినిక్ ఏదో ఇవాళే కనుక్కుని నంబరు ఫోన్‌లో పెట్టుకో.

ఆ ట్యూబు మీ మరిదికే తిరిగిచ్చెయ్. వాళ్ళ కుక్కకి అది వేసినప్పుడు మందు పూర్తిగా ఆరి రెండుమూడు రోజులు గడిచేదాకా మీ ఇంటికి తీసుకురావద్దని కూడా చెప్పు, కూన వెళ్ళి దాని పక్కనే పడుకుంటుందని నువ్వే అన్నావుగా. బరువు చూసి, చిగుళ్ళు చూసి రాత్రికల్లా నాకు మెసేజ్ పెట్టు, మేలుకునే ఉంటాను.

పెద్దమ్మ